అపార్ట్‌మెంట్లకూ తైబందీ కావాలి

ఎండాకాలం మొదలైతే చాలు, హైదరాబాద్‌లో నిజాంపేట నుంచి మణికొండ దాకా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే టెన్షన్. బోరు ఆగి ఆగి పోస్తోంది, ట్యాంకర్ బుక్ చేస్తే రెండ్రోజులంటున్నారు, ఇంకో మూడొందల అడుగులు దింపిద్దామా అని. నాలుగు వానలు పడగానే ఆ చర్చ ఆగిపోతుంది. సెల్లార్‌లోకి నీళ్లొచ్చిన రోజు గ్రూపు మళ్లీ మేలుకుంటుంది, ఈసారి ఆ నీళ్లు బయటికి తోడిపోయించడానికి.

ఆ వానలకూ మళ్లీ వచ్చే ఎండాకాలానికీ మధ్య కార్తీక మాసం ఒకటి వస్తుంది. వానలు వెనకబట్టి, నేల తాగగలిగినంత తాగి, భూగర్భ జలం ఏడాది మొత్తంలో కాస్త పైకి లేచి ఉండే రోజులవి. పల్లెల్లో చెరువు చూసి యాసంగికి తైబందీ చేసుకునేదీ ఆ రోజుల్లోనే. ఈ ఏడు చెరువులో నీళ్లెన్ని, ఎన్ని ఎకరాలకు సరిపోతాయి, ఏ మళ్లకు విడవాలి, ఏవి బీడు ఉంచాలి అని నారు పోయకముందే కూర్చుని తేల్చుకోవడం. హైదరాబాద్‌లో మనం చేయనిది సరిగ్గా ఇదే. నాకు తెలిసినంతలో, వానలు తక్కువ పడే నేలల్లో నీళ్లు నిలబెట్టుకున్న ఊళ్లన్నీ ఏదో ఒక రూపంలో ఈ లెక్కకు కూర్చున్నవే. ఎవరూ కూర్చోని చోట చెక్‌డ్యాములు కట్టినా, పూడిక తీసినా, ఇంకుడు గుంతలు తవ్వినా కొన్నేళ్లకు కథ మళ్లీ మొదటికే వచ్చింది.

మా అమ్మమ్మ వాళ్లది నల్లగొండ జిల్లాలో నీళ్లకు కటకటలాడే వైపు ఊరు. చెరువు చిన్నది. కట్ట మీద మైసమ్మ గుడి, ఒక కొసన మత్తడి, నడుమ పాత తూము. రెండు రాతి స్తంభాల మధ్య నిలువుగా పొడవాటి కర్ర, దాని అడుగున తూము కన్నానికి అమరే బిరడా. చెరువు నీళ్లు విడిచే పనివాడు, నీరటి, నీళ్లలోకి దిగి ఆ కర్రను జానెడు పైకి లాగితే కాలువలో నీళ్లు కదిలేవి. ఎంత లాగాలి, ఎంతసేపు ఉంచాలి అన్నది అతని ఇష్టం కాదు, ఊరు తేల్చిన మాట. కరువు ఏళ్లలో ఏం చేసేవారని అడిగితే మా పెద్దమామ చెప్పాడు: "చెరువు సగమే నిండిన ఏడు దూరం మళ్లకు నీళ్లు ఇడవకపోదురు బిడ్డా. కట్ట కింది మళ్లనే అందరం దామాషాగా పంచుకొని నాటేసుకుందుం. దూరం మడి ఉన్నోనికి కూడా ఇక్కడ ఇంత వచ్చేది." అంటే ఆ ఒక్క పంటకు భూమి హద్దులను కూడా పక్కన పెట్టారన్న మాట. పొలం గట్టు దగ్గర తలలు పగలగొట్టుకునే మనుషులు నీళ్లు తక్కువైన ఏడు గట్టును మరిచిపోవడానికి ఒప్పుకున్నారు. నాకు ఇది చిన్న విషయంగా తోచదు.

అలాగని ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకోనవసరం లేదు. తైబందీకి కూర్చునేది ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లే. మెడలోతు నీళ్లలోకి దిగే నీరటి చాలా ఊళ్లలో దళిత కుటుంబం మనిషి. ఎన్నెకరాలు నాటాలో చెప్పే చోట అతనికి మాట లేదు. బిందెలు మోసే ఆడవాళ్లకూ లేదు. పాత పద్ధతిలో తీసుకోవాల్సింది లెక్క. వదిలేయాల్సింది ఆ కూర్చునే వరస.

బోర్లు వచ్చాక ఆ లెక్కే పోయింది. చెరువు నీళ్లు అందరి కళ్ల ముందు ఉంటాయి, తగ్గితే ఊరంతా చూస్తుంది. బోరు నీళ్లు ఎవరికీ కనపడవు. పైగా 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం రోజుల నుంచీ మన ఆలోచన ఒకటే, భూమి ఎవరిదో కింది నీళ్లూ వాళ్లవే అని. నీళ్లకు ఆ సంగతి తెలియదు. మనది గ్రానైటు నేల. పైన మెత్తబడిన కొన్ని పదుల అడుగుల పొరలోనూ, దాని కింద రాతి పగుళ్లలోనూ ఉన్నవే నీళ్లు. ఇసుక నేలల్లోలాగా లోతుకు పోయేకొద్దీ ఊరే నిల్వలు ఇక్కడ లేవు. ఉమ్మడి కుటుంబం గాదెలోంచి ఎవరి గదిలో నుంచి వాళ్లు కన్నం పెట్టుకుని ధాన్యం తీసుకుంటే ఎలా ఉంటుందో అలా తోడుతున్నాం. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటల సరఫరా మొదలైంది. రైతుకు అది ఊరటే, కాదనను. కానీ అదే సమయంలో ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను బతిమాలాల్సి వచ్చింది, కరెంటు వచ్చినంతసేపూ మోటార్లు వాటంతటవే నడుస్తున్నాయి కాబట్టి. బోర్లకు అనుమతి, తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరు వద్దు అన్న నియమాలతో 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం తెచ్చారు. మన వీధిలోకి రిగ్గు లారీ వచ్చిన రాత్రి ఆ చట్టం గురించి అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మరి కంటికి కనపడని నీళ్లకు తైబందీ ఎలా? అది సాధ్యమేనని మన రైతులే చూపించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 తర్వాత, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భ జలాన్ని చూసుకునే ఒక ప్రాజెక్టు నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం అని ఏడు కరువు జిల్లాలు, ఆరొందలకు పైగా ఆవాసాలు. సబ్సిడీ ఇవ్వలేదు, పంటల మీద నిషేధం పెట్టలేదు. కొలవడం నేర్పారు, అంతే. ఊళ్లో వానమాపకం పెట్టారు. ఎంచుకున్న బావుల్లో పదిహేను రోజులకోసారి నీటిమట్టం చూశారు. బోరు కింద డ్రమ్ము పెట్టి, స్టాప్‌వాచ్ పట్టుకుని, ఎన్ని సెకన్లలో నిండిందో రాసుకున్నారు. చదువు పెద్దగా లేని రైతులు, ఆడవాళ్లు కూడా, ఈ అంకెలను ఊరి గోడ మీదికి ఎక్కించారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని, వానకు ఇంకింది ఇంత, ఇప్పటికే వాడింది ఇంత, మిగిలింది ఇంత అని లెక్క వేశారు. ఎవరు ఏ పంట వేయదలుచుకున్నారో చెప్పించి, వాటికి కావాల్సిన నీళ్లు కూడితే చాలా ఊళ్లలో ఉన్నదానికంటే కావాల్సింది ఎక్కువ తేలేది.

ఆ తర్వాత ఎవరి నిర్ణయం వాళ్లదే. అయినా వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. ఎకరం వరికి పెట్టే నీళ్లతో రెండు మూడెకరాల ఆరుతడి పంట తీయొచ్చని రైతుకు మనం చెప్పక్కర్లేదు. పక్క రైతు ఏం చేస్తాడో తెలియక, నేనొక్కడినే ఎందుకు తగ్గాలి అని ఆగిపోతాడు. గోడ మీద అంకె ఉంటే ఆ అనుమానం పలచబడుతుంది. ఆ ఒప్పందాలకు చట్టం బలం లేదన్నది నిజమే. బయటి నుంచి వచ్చి భూమి కొన్నవాడు మాకు సంబంధం లేదంటే ఊరు ఏమీ చేయలేదు. ఆ బలం ఇవ్వాల్సింది ప్రభుత్వం. అది మన తరఫు నుంచి అడగాల్సిన విషయం, రైతుల తప్పు కాదు.

మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ (ఇప్పటి పేరు అహిల్యానగర్) జిల్లా హివరే బజార్ ఇంకో అడుగు ముందుకు వేసింది. వాన 400 మిల్లీమీటర్లు అటూఇటూ పడే ఊరు, హైదరాబాద్‌లో పడేదాంట్లో సగం. పోపట్‌రావ్ పవార్ సర్పంచ్ అయ్యాక కందకాలు తవ్వారు, చెట్లు పెంచారు. ఆ మాటకొస్తే ఇవన్నీ చాలా ఊళ్లు చేశాయి. హివరే బజార్ సాగుకు బోర్లు వద్దంది, చెరకు వద్దంది, ఏటా వానలయ్యాక గ్రామసభలో నీళ్ల లెక్క చూసి, వాన తగ్గిన ఏడు రెండో పంట తగ్గించుకుంది. మన వైపు కూడా హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే వాసన్ లాంటి సంస్థల చొరవతో అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొన్ని ఊళ్లు బోర్లను పైపులైన్లతో కలిపాయి. బోరున్న రైతు బోరు లేని పక్క రైతు పంటకు ఒకటి రెండు తడులు ఇస్తాడు, దానికి బదులు అక్కడ ఎవరూ కొత్త బోరు వేయరు. బోరున్నవాడికి దీంట్లో లాభమేంటి అని మొదట్లో నాకూ అర్థం కాలేదు. పక్క పొలంలో కొత్త బోరు పడితే తన బోరు ఎండుతుంది. రెండు తడుల నీళ్లతో తన బోరును కాపాడుకుంటున్నాడు.

మిషన్ కాకతీయ గురించి కూడా ఒక మాట చెప్పాలి. తెలంగాణలో చెరువులు బాగుచేసే ఆ పథకం 2015 మార్చిలో మొదలైంది, లక్ష్యం 46 వేలకు పైగా చెరువులు. పూడిక మట్టిని రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్లలో పొలాలకు తోలుకుపోయారు. ఆ ఒండ్రు పడ్డ చేలలో ఎరువుల ఖర్చు తగ్గిందని చెప్పిన రైతులు చాలామంది. మంచి పని, పెద్ద పని. కానీ బాగుపడిన చెరువును ఎవరి చేతిలో పెట్టాం? కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్లిపోయాడు. నీరటి లేడు, తైబందీకి కూర్చునే సంఘం లేదు. చెరువు నిండిన ఏడు చుట్టూ బోర్లు పెరిగాయి, ఎండిన ఏడు శిఖం భూమిలోకి, అంటే చెరువు అడుగు నేలలోకి, హద్దురాళ్లు జరిగాయి. పూడిక తీతకు పెట్టిన శ్రద్ధలో పదోవంతు ఊరి సంఘం మీద పెట్టి ఉంటే ఈ మాట రాయాల్సిన పని ఉండేది కాదు.

భూమి వైపు నుంచి ఇదే పని చేసి చూపినవాళ్లు జహీరాబాద్ ఆడవాళ్లు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని వాళ్లలో ఎక్కువమంది దళితులు, చిన్న చెలకల వాళ్లు. ఎవరూ సాగు చేయని పడావు భూములు కౌలుకు తీసుకుని, జొన్న, కొర్ర, సామ, కంది, పెసర కలిపి వేశారు, విత్తనం తమ దగ్గరే దాచుకున్నారు. 2019లో వాళ్లకు ఈక్వేటర్ అవార్డు వచ్చింది. బోరు అవసరం లేని పంట వేయడం కూడా నీళ్లు దాచడమే. కొత్త నీళ్లు ఎక్కడి నుంచి తేవాలి అన్న ప్రశ్న వాళ్లు వేసుకోలేదు, ఉన్న వానకు ఏది పండుతుంది అని చూశారు. తైబందీ చేసే బుద్ధి ఇదే. పైగా ఇక్కడ ముందు వరసలో కూర్చున్నది పాత తైబందీలో చోటు దొరకనివాళ్లు.

ఇప్పుడు మన నగరానికి వద్దాం. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లు దాటి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి దాదాపు 180 కిలోమీటర్లు ఎక్కి వస్తున్నాయి. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన గండిపేట, హిమాయత్ సాగర్ నగరాన్ని తడిపిన రోజులు వేరు. వాటి పరీవాహకాన్ని కాపాడటానికి 1996లో 111 జీవో వచ్చింది, 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో.

గండిపేటకు ఎగువన శంకర్‌పల్లి మండలంలో కొత్తపల్లి ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1999 నుంచి అక్కడి రైతులతో కలిసి వాటర్‌షెడ్ పనులు చేసింది. చిన్న చెక్‌డ్యాములు, గట్లు, వాగుల్లో రాతి అడ్డుకట్టలు. బావుల్లో నీళ్లు పెరిగాయి, రెండో పంట వచ్చింది. ఎగువ ఊళ్లన్నీ ఇలాగే చేస్తే కింద గండిపేటకు వచ్చే నీళ్లు తగ్గుతాయని కూడా ఆ శాస్త్రవేత్తల అధ్యయనంలోనే తేలింది. మట్టి కోత, దాంతో పూడిక కూడా తగ్గుతాయి, అది వేరే లాభం. ఆ నీళ్ల మీద ఎవరి హక్కు ముందు? నన్నడిగితే కొత్తపల్లిదే. వాన తన చేలో పడింది. కిందనున్న నగరం కోసం వాగును వదిలేయమని రైతును అడిగే హక్కు, సెల్లార్ నీళ్లు రోడ్డు మీదికి తోడేసే మనకు లేదు.

సరే, ఆ సెల్లార్ ఉన్న స్థలం లెక్కే చూద్దాం. మా అపార్ట్‌మెంట్ వెయ్యి గజాల్లో ఉంది, అంటే దాదాపు 836 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన. గుణిస్తే మా స్థలం మీద ఏడాదంతా పడేది సుమారు 6 లక్షల 70 వేల లీటర్లు. ముప్పై ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు ప్రభుత్వ ప్రమాణం 135 లీటర్లు. రోజుకు 16,200 లీటర్లు. ఒక్క చుక్క వృథా కాకుండా మొత్తం వాన పట్టుకున్నా 41 రోజులకు సరి. సహజంగా నేలలోకి ఇంకేదైతే మన రాతి నేలల్లో వానలో పదోవంతు అటూఇటూ. ఆ లెక్కన మా వాటా నాలుగైదు రోజుల నీళ్లు. మిగతా రోజుల్లో బోరులోంచి వచ్చేది పక్కవాళ్లదో, పాతదో.

ఇంకుడు గుంత తవ్వాం కదా, ఇక బోరు మాదే అని కమిటీల్లో అంటారు. గుంత తవ్వాల్సిందే. అది నాలుగైదు రోజులను ఇరవై రోజులు చేస్తుందేమో, ఏడాది చేయదు.

మా బోరు మట్టం ఒకసారి కొలిపించాం. రాత్రంతా మోటారు ఆపి, తెల్లవారకముందే బోరు మెకానిక్ టేపు వదిలాడు. కొనకు చిన్న సెన్సర్, నీళ్లు తాకగానే కుయ్ మంటుంది. అడుగులు రాసుకున్నాం. ఇంతలో గోడ అవతల పక్క అపార్ట్‌మెంట్ మోటారు స్టార్టయింది. టేపు అలాగే ఉంచితే కాసేపటికి కుయ్ ఆగిపోయింది. ఇంకొంచెం వదిలితే మళ్లీ మోగింది, మళ్లీ ఆగింది. మా మోటారు ఆపే ఉంది, మా బోరులో నీళ్లు దిగిపోతున్నాయి. వాచ్‌మన్, సెక్రటరీ, నేను ఆ టేపునే చూస్తూ నిలబడ్డాం. ఇద్దరిదీ ఒకే పగులు. మేం మూడొందల అడుగులు దింపితే వాళ్లు నాలుగొందలు దింపుతారు, చివరికి ఇద్దరం రిగ్గు వాడికి డబ్బులు కట్టి ట్యాంకర్ పిలుస్తాం.

"మనం తగ్గించుకుంటే వాళ్లు తోడేసుకుంటారు కదండీ" అని మీటింగులో ఒక ఆంటీ అడిగారు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఈ లెక్క అపార్ట్‌మెంట్‌లో కాదు, కాలనీలో జరగాలి. కార్తీకంలో ఒక ఆదివారం కాలనీలోని బోర్లన్నీ రాత్రి ఆపి మట్టాలు కొలవాలి. ప్రతి బోరుకూ మీటరు ఉండాలి. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లకు జలమండలి 2021లో మీటరు షరతు పెడితే నల్లాలకు మీటర్లు వచ్చాయి, బోర్లకు ఎందుకు రావు? ఆ అంకెలు లిఫ్టు పక్కన బోర్డు మీద అందరికీ కనపడాలి. మట్టం ఫలానా లోతుకు దిగితే అందరి మోటార్లకూ గంటలు తగ్గించాలని, కొత్త బోరు గానీ ఉన్నదాన్ని దింపడం గానీ వద్దని ముందే రాసుకోవాలి. ఫ్లాట్లకు విడివిడిగా మీటర్లు పెట్టి వాడకాన్ని బట్టి బిల్లు వేయాలి. ఇద్దరున్న ఇల్లూ, కార్లు రోజూ కడిగించే ఇల్లూ ఒకే మెయింటెనెన్స్ కట్టడం అన్యాయం. ఈ మీటింగుకు అద్దెకున్నవాళ్లను, వాచ్‌మన్ కుటుంబాన్ని కూడా పిలవాలి. నీళ్లు ఎప్పుడు ఎంత వస్తాయో అందరికంటే ఎక్కువ తెలిసింది వాచ్‌మన్‌కే.

జమ వైపు చూస్తే, నేల తెరిచి ఉన్న ప్రతి చోటూ మన లెక్కలోదే. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్‌డోజర్లు దిగినప్పుడు ఆ పక్కనే ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు దెబ్బలు తిని కేసులు పెట్టించుకుని నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఆ 400 ఎకరాల మీద ఏటా పడే వాన దాదాపు 129 కోట్ల లీటర్లు. అంత వాన బండలు, చెట్లు, కుంటల మీద పడితే నేలకు తాగే వ్యవధి దొరుకుతుంది. కాంక్రీటు మీద పడితే కింది కాలనీ సెల్లార్లలోకి వస్తుంది. చెరువు కబ్జాలు తొలగించడానికి 2024లో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. అంబర్‌పేటలో పూడ్చేసిన బతుకమ్మ కుంటను తవ్విస్తే మళ్లీ నీళ్లూరాయి. సంతోషించాను. అయితే జేసీబీ వెళ్లిపోయాక పదేళ్లపాటు ఆ కుంట గట్టు మీద నిలబడి హద్దు చూసేది చుట్టుపక్కల వాళ్లే. వాళ్లకు కాగితం మీద హక్కు, బాధ్యత రెండూ ఇవ్వాలి.

ఇక ట్యాంకర్లు. ప్రైవేటు ట్యాంకర్లలో చాలా భాగం శివారు ఊళ్ల వ్యవసాయ బోర్ల నీళ్లే. అక్కడ రైతుకు పంటకంటే నీళ్లమ్మడం మేలనిపించేంత ధర మనం ఇస్తున్నాం, పక్క రైతు బోరు దాంతోనే ఎండుతోంది. కాబట్టి ట్యాంకర్ రసీదు మీద నీళ్లు ఏ ఊరి బోరువో రాసిస్తేనే బిల్లు పాస్ చేస్తామని ఈసారి మా కమిటీలో తీర్మానం పెడుతున్నాను. ఎండాకాలం అయ్యాక ఊళ్ల వారీగా ఎన్ని ట్యాంకర్లు తెచ్చుకున్నామో కూడి, ఆ పంచాయతీలకే ఉత్తరం రాద్దామని కూడా అందులో ఉంది.